గట్టు మీదకి పిలిచేవాడు

మా నాన్న చేసే పనికి మా ఊళ్ళో మనిషికో పేరు ఉండేది. మా పేటలోవాళ్ళు "మధ్యవర్తిగారు" అనేవారు. పెద్ద వీధివాళ్ళు "బ్రోకరు" అనేవారు. బేరం చెడితే రెండు వైపులవాళ్ళూ కలిసి "దళారీ" అనేవారు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు "ఏజెంటు" అనేవారుగానీ, వీసా ఇప్పించినవాడూ ఏజెంటే, ఇప్పిస్తానని ముంచినవాడూ ఏజెంటే కాబట్టి, ఆ మాట చెవిన పడగానే మా అమ్మ మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయేది. నాన్ననే అడిగితే, "పొలాల కబుర్లు మోసేవాణ్ణే. పేరుతో మనకేం పని?" అని నవ్వేవాడు. పేరుతో చాలా పని ఉందని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

అదే పని పెద్ద వీధిలో మునసబుగారు చేస్తే ఆయన్ని "పెద్దమనిషి" అనేవారు. అదే తోట, అదే బేరం, అదే ఎండ. ఆయన చేస్తే పెద్దరికం, మా నాన్న చేస్తే బ్రోకరు పని. బ్రోకరన్న మాటలో భూములతో సంబంధం లేని మురికి కూడా ఉంది. కొందరు ఆ మురికి తగిలేలాగే, కాస్త సాగదీసి పలికేవారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అనేది. అలాంటి మాటలు వింటూ పెరిగితే ఇంకెక్కడ ఉంటుంది?

మా తాత పెద్దింటివాళ్ళ దగ్గర పాలేరు. నాన్న మిషను బడిలో చదువుకున్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. మాట పొదుపు. గల్ఫ్ డబ్బు మా పేటకి రావడం మొదలయ్యాక, అంతవరకూ ఇతరుల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళకి సొంతంగా గజం నేల కావాలనిపించింది. వాళ్ళు నేరుగా వెళ్ళి అడిగితే పెద్ద వీధిలో గుమ్మంలోకి రానివ్వరు. అలా నాన్న ఆ పనిలోకి వచ్చాడు.

ఆ పనికో పద్ధతి ఉండేది. భూమి అమ్ముకోవడమంటే మా వైపు పరువు పోయినట్టే. కాబట్టి "అమ్ముతారా" అని ఎవరూ అడగరు, "అమ్ముతాను" అని ఎవరూ అనరు. మధ్యవర్తి వీధి గుమ్మంలోంచి వెళ్ళకూడదు. పెరటి దోవన, కొబ్బరి డొక్కల కుప్పలు దాటుకుని, గేదెకి గడ్డి దొరుకుతుందా అనో, నాటడానికి కొబ్బరి మొక్కలున్నాయా అనో అడుగుతూ వెళ్ళాలి. ఆ గడ్డి గురించీ మొక్కల గురించీ చాలాసేపు మాట్లాడాక, లేచి వచ్చేటప్పుడు అసలు సంగతి నాలుగు మాటల్లో తేల్చాలి. నాన్న ఎవరింటికైనా వీధిలోంచి వెళ్ళాడా, ఆ ఇంటివాళ్ళ భూమి అమ్మకానికి వచ్చిందని ఊరు ఊరంతా అనేసుకునేది.

ఒకసారి తన చిన్ననాటి స్నేహితుడికి జ్వరమని చూడ్డానికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, బార్లీ నీళ్ళు తాగి వచ్చాడు. మర్నాటికల్లా ఆ స్నేహితుడి చేను కొంటామని ఉప్పలగుప్తం నుంచి ఎవరో కబురు పెట్టారు. ఆయన జ్వరం మీదే దుప్పటి కప్పుకుని మా ఇంటికి వచ్చేశాడు.

"ఒరేయ్, నీకు దండం పెడతాను, నువ్వు మా ఇంటికి రాకురా బాబూ. నాకు బాగోపోతే నేనే వచ్చి నీకు కనపడతాను" అన్నాడు.

అందరం నవ్వాం. నాన్నా నవ్వాడు. కానీ అప్పటినుంచి పెళ్ళికీ చావుకీ తప్ప ఎవరి వీధి గుమ్మమూ తొక్కలేదు. క్రిస్మస్‌కి అందరూ మా ఇంటికి వచ్చేవారు. ఆయన మాత్రం చర్చి నుంచి నేరుగా ఇంటికి వచ్చి, వీధరుగు మీద ఒక్కడూ కూర్చునేవాడు.

ఇక మా పిన్ని సంగతి. అమ్మకి చెల్లెలు. పేటకి చివర, పల్లంలో ఉండేది ఆమె ఇల్లు. ముసురు పడితే కాలవ నీళ్ళు గుమ్మంలోకి వచ్చేసేవి. మంచం మీద పొయ్యి పెట్టుకుని, ఇంకో మంచం మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వండేది. బాబాయి మస్కట్‌లో ఉన్నాడు. ఆమెకి ఉన్న కోరికల్లా ఒకటే: నీళ్ళు ఎక్కని మెరక మీద చిన్న ఇల్లు.

అలాంటి మెరక తోట ఒకటి పెద్దింటి అమ్మగారిది. భర్త పోయారు, కొడుకులు లేరు, అల్లుళ్ళు ఎక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. నాన్న పెరటి దోవన ఎన్నిసార్లు తిరిగాడో, ఎన్ని మొక్కల గురించి మాట్లాడాడో తెలీదుగానీ, ఆఖరికి ఆవిడ ఒప్పుకుంది. ఆవిడ మరిది, ఊళ్ళో చిన్న బాబుగారనేవారు ఆయన్ని, ఒప్పుకోలేదు. తన పక్కన పేటవాళ్ళు ఇల్లు కట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. తోటకి తూర్పున ఉన్న కళ్ళం, పొలం ఆయనవి.

భూమి రాయించుకునే ముందు మా వైపు హద్దులు తొక్కుతారు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, చుట్టుపక్కల రైతులు అక్కడ కలుస్తారు. మధ్యవర్తి ముందు నడుస్తాడు. ప్రతి హద్దు దగ్గరా ఆగి, ఆ పక్క రైతుని గట్టు మీదకి పిలుస్తాడు. ఆయన గట్టెక్కి "ఆయ్, ఇదే నా గట్టండి" అంటాడు. "హద్దు సరి" అని మధ్యవర్తి అందరికీ వినపడేలా అంటాడు. అక్కడితో తగువుకి తావు లేదు. ఇది ఏ చట్టంలోనూ లేదు. కానీ పక్క రైతు గట్టెక్కని భూమిని మా వైపు ఎవరూ రాయించుకునేవారు కాదు.

ఆ రోజు పిన్నికి తోడుగా నేను వెళ్ళాను. అప్పుడు నేను టీచరు ట్రైనింగు చదువుతున్నాను. పెద్దింటి అమ్మగారు తలమీద కొంగు కప్పుకుని కొబ్బరిచెట్టు కింద పీట మీద కూర్చుంది. దక్షిణం రైతు వచ్చి గట్టెక్కాడు. పడమటివైపు మా పేటవాళ్ళదే, వాళ్ళూ ఎక్కారు. ఉత్తరం కాలవ. తూర్పు మిగిలింది. గట్టుకి అవతల కళ్ళంలో, గడ్డిమేటు నీడలో మంచం వేసుకుని చిన్న బాబుగారు కూర్చునే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రావడానికి తయారై కూర్చున్నవాడు రాకుండా కూర్చున్నాడు.

నాన్న గట్టు కింద నిలబడి, గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు.

"బాబుగారండీ, తూర్పు హద్దు తమదే కదండీ. ఒక్కసారి గట్టు మీదకి దయచెయ్యండి."

"పిలిచేదెవరు?" అన్నాడాయన, మంచం మీద నుంచి కదలకుండా.

"నేనేనండి."

"నువ్వెవరివయ్యా?"

"ఈ బేరానికి మధ్యవర్తినండి."

"బ్రోకరువి" అన్నాడు. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. పిల్లాడు తప్పు చదివితే దిద్దినట్టు అన్నాడు. "కబురు తెచ్చేవు, తోట చూపించేవు, అక్కడికి నీ పని అయిపోయింది. గట్టు మీదకి పిలవడానికి పెద్దమనిషి ఉండాలి. బ్రోకరు పిలిస్తే గట్టెక్కే వంశం కాదయ్యా మాది."

పెద్దింటి అమ్మగారు పీట మీద నుంచే, "మరిదిగారూ, పంతాలొద్దండీ" అంది. "మీరుండండి వదినగారూ" అన్నాడాయన. ఆవిడ నాన్న వైపు తిరిగి గొంతు తగ్గించింది. "సాయంత్రం బస్సుకి మా అల్లుళ్ళు వస్తున్నారు. వాళ్ళొచ్చేరంటే ఇంక నా మాట చెల్లదు. ఏం చేస్తారో చూడండి."

అంటే సాయంత్రంలోగా తూర్పు హద్దు తొక్కకపోతే పిన్నికి ఆ తోట ఇక లేదు.

నాన్న మళ్ళీ అడిగాడు. చిన్న బాబుగారు చుట్ట వెలిగించుకున్నాడు. ఎండ నెత్తిమీదకి వచ్చింది. కొబ్బరాకుల నీడ మా మీద నుంచి జరిగిపోయినా, నాన్న నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. గొడుగు చంకలో ఉంది, తెరవలేదు. పెద్దింటివాళ్ళ ఎదుట గొడుగు వెయ్యకూడదన్నది మా తాతకి ఎవరో నేర్పిన అలవాటు. నాన్నకి అది ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది.

"నాన్నా, పోదాం పద. ఈ తోట కాకపోతే ఇంకోటి" అన్నాను. అందరికీ వినపడాలనే అన్నాను.

పిన్ని నాన్న పక్కకి వచ్చింది. "బావగారూ, మీకు ఇంత అవమానం అయితే నాకీ తోట వద్దండి."

"ముసురు పట్టి మంచం మీద పొయ్యి పెట్టినప్పుడు ఆ మాట అను, అప్పుడు వింటాను" అన్నాడు నాన్న. ఆమె మొహం చూడకుండా అన్నాడు. గొడుగు తీసుకుని పెద్ద వీధి వైపు నడిచాడు.

మునసబుగారిని తీసుకొచ్చాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. భోజనం చేసి పడుకున్న మనిషి, నిద్ర మొహంతోనే వచ్చాడు. ఎవరి తోట, ఎవరు కొంటున్నారు అన్నది దోవలో తెలుసుకున్నట్టున్నాడు. గట్టు దగ్గర నిలబడి "ఏవండోయ్, ఒకసారి ఇలా రండి" అన్నాడు. చిన్న బాబుగారు చుట్ట పారేసి వెంటనే లేచి వచ్చాడు. గట్టెక్కాడు. "ఆయ్, ఇదే నా గట్టండి" అన్నాడు. మునసబుగారు హద్దు సరి అన్నాడు. మళ్ళీ నాలుగు వైపులా ఆయనే ముందు నడిచాడు. వెనక హద్దుదారులు. వాళ్ళ వెనక పిన్ని, నేను. అందరికంటే వెనక నాన్న, అడ్డొచ్చిన తాటాకులు పక్కకి లాగుతూ.

దస్తావేజులో మధ్యవర్తి అన్నచోట మునసబుగారి పేరు రాశారు. నాన్న పేరు ఎక్కడా లేదు. పిన్ని మెరకమీద ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం ప్రార్థనకి పాస్టరుగారు నాన్నని సాక్ష్యం చెప్పమంటే, "దేవుడు మంచి చోటు ఇచ్చేడండి" అని కూర్చున్నాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను. తోట దక్కినందుకు సంతోషించాల్సింది పోయి ఏడుపేంటని అమ్మ తిట్టింది. తోట పిన్నికి వచ్చింది, ఏదో ఒకటి నాన్న దగ్గర నుంచి పోయింది, అది ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదని నా బాధ. పిన్ని మాత్రం ఆ విషయం మీద ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. మర్చిపోయిందనుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. నాకు ఊరి బడిలోనే ఉద్యోగం వచ్చింది. మునసబు ఉద్యోగాలు పోయాయి, తర్వాత మునసబుగారూ పోయారు. అమలాపురంలో బస్టాండు దగ్గర "రియల్ ఎస్టేట్ ఏజెంటు" అని ఎర్రరంగు బోర్డు వెలిసింది. నాన్నకి చూపించాను. గొడుగు నేలకి ఆనించి, అక్షరం అక్షరం చదివాడు. "ఎస్టేటంటే జమీ కదే? ఈయన ఏ జమీకి దివానో!" అన్నాడు. కాస్త దూరం నడిచాక వెనక్కి తిరిగి మళ్ళీ చూశాడు. "బోర్డు పెట్టుకుని, కుర్చీ వేసుకుని, వీధి మొహం చేసి కూర్చున్నాడు చూడు" అన్నాడు. అసూయ కాదది. వీధి గుమ్మంలోంచి చేసే పని కూడా ఉంటుందా అన్న ఆశ్చర్యం.

ఆ తర్వాత కొన్నాళ్ళకే చిన్న బాబుగారి పాలేరు మా పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మధ్యవర్తిగారిని బాబుగారు ఒకసారి రమ్మన్నారండి. పెరటి దోవన రమ్మన్నారండి."

"బ్రోకరుగారని అడగమను, అప్పుడు వస్తారు" అన్నాను. నాన్న నా వైపు చూసిన చూపుకి మిగతా మాట మింగేశాను. పాలేరు వెళ్ళాక మాత్రం ఊరుకోలేదు.

"వెళ్తే వీధిలోంచి వెళ్ళు నాన్నా. అరుగు మీద కూర్చుని రా. ఊరంతా చూడనీ."

"చూస్తే ఆయన అమ్ముకుంటున్నట్టు తెలిసిపోదూ?"

"తెలియనీ."

"తెలియనివ్వడం నా పని కాదే" అన్నాడు. గొడుగు తీసుకుని పెరటి దోవనే వెళ్ళాడు.

ఎందుకు అమ్ముకుంటున్నాడో నాన్న మాకు చెప్పలేదు. అమ్మ ఎన్ని విధాల అడిగినా, "గడ్డి గురించి మాట్లాడుకున్నాం" అనేవాడు. బేరం కుదిరాక మాత్రం దాచడం కుదర్లేదు. అమ్మేది ఆ కళ్ళం, దాని వెనక పొలం. కొనేవాళ్ళు రాజోలు వైపువాళ్ళు, ఈ ఊరికి కొత్త. హద్దులు తొక్కే రోజు వచ్చింది. పడమటి హద్దు ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

నాన్న ముందు నడిచాడు. తక్కిన మూడు వైపులా రైతులు గట్టెక్కి తమ మాట చెప్పారు. పడమటి గట్టు దగ్గర ఆగాడు. అవతల తోటలో పిన్ని వీధరుగు మీద కూర్చుని కొబ్బరీనెలు చీలుస్తోంది.

"అమ్మాయ్, ఒకసారి గట్టు మీదకి రా అమ్మా" అన్నాడు నాన్న.

పిన్ని కత్తి పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. నెమ్మదిగా వచ్చి గట్టు కింద ఆగిపోయింది. నాన్న వైపు చూడలేదు. చిన్న బాబుగారి వైపు చూసింది.

"పిలిచేదెవరండీ?"

ఇన్నేళ్ళూ ఆమె దేన్నీ మర్చిపోలేదన్నమాట.

చిన్న బాబుగారు తడబడ్డాడు. "మీ బావగారే కదమ్మా."

"బావగారు పిలిస్తే భోజనానికి వస్తానండి. గట్టు మీదకి పిలిచేదెవరండీ?"

రాజోలువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, "ఈ గట్టు మీద ఏవైనా తగువుందాండీ?" అన్నాడు. వాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగితే ఆ పొలం మళ్ళీ ఎవరూ కొనరు. హద్దుదారు గట్టెక్కలేదన్న మాట మా వైపు ఏ బస్సు కన్నా ముందే వెళ్తుంది. చిన్న బాబుగారికి అది అందరికంటే బాగా తెలుసు.

"లేదండి, ఏ తగువూ లేదండి" అన్నాడు నాన్న గబగబా. ఆయన మొహం పాలిపోయింది. అంత కోపం ఆయన కళ్ళలో నేనెప్పుడూ చూడలేదు, అది పిన్ని మీద కోపం. "అమ్మాయ్, పని చెడగొట్టకు. ఇది ఆటలాడుకునే చోటు కాదు."

"నేను ఆడట్లేదండి బావగారూ" అంది పిన్ని. నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

చిన్న బాబుగారు మనిషి సగమయ్యాడు ఆ మధ్య. చొక్కా ఇస్త్రీ ఉందిగానీ మెడ దగ్గర వదులైంది. ఆయన మీద జాలి పడాలని నాకు లేదు. కానీ పడ్డాను. కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేల వైపు చూస్తూ మొదలుపెట్టి, తలెత్తి పూర్తిచేశాడు.

"మధ్యవర్తిగారు... మధ్యవర్తిగారు పిలుస్తున్నారమ్మా. గట్టు మీదకి రా."

"ఆయ్" అంది పిన్ని. చీర కాస్త పైకెత్తి పట్టుకుని గట్టెక్కింది. "ఇదే నా గట్టండి."

ఇక పడమటి హద్దు సరి అని నాన్న అనాలి. అందరం ఆయన వైపు చూశాం. ఆయన ఏదో అన్నాడుగానీ ఎవరికీ వినపడలేదు. రాజోలు పెద్దాయన చెవి ఒగ్గి, "ఏవన్నారండీ?" అన్నాడు. "పడమటి హద్దు సరి" అని నాన్న ఈసారి అందరికీ వినపడేలా అన్నాడు. ఎండగా ఉందని అప్పుడే తెలిసినట్టు గొడుగు తెరిచి, వేసుకుని, ముందుకి నడిచాడు. చిన్న బాబుగారు ఆయన వెనకే నడిచాడు.